పొడిగది కింద తడి మరక

ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోకుండానే, ఆవిడ ఆ కాగితాన్ని హడావుడిగా బల్ల మీద పెట్టింది. అయినా కాగితం అంచు నలగలేదు, మడత చెదరలేదు. ఇంత కంగారులోనూ కాగితాన్ని ఇంత మర్యాదగా చూసుకుందంటే, ఈవిడ బతుకుతెరువు కాగితాలతోనే అయి ఉండాలనుకున్నాడు బాబాయి.

బాబాయి ముప్పయ్యయిదేళ్ళు తపాలాఫీసులో ఉత్తరాలు సార్టింగు చేసి రిటైరైన మనిషి. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, పక్క మేడలో డిటెక్టివ్ బోర్డు పెట్టిన ఆరాలమ్మ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆరాలమ్మ అన్నది ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కాలిపోయిందన్న కొట్టు నిజంగా కాలిందా, మునిగిందన్న సరుకు నిజంగా మునిగిందా అని బీమా కంపెనీ తరఫున పదహారేళ్ళు ఆరాలు తీసి, విసుగెత్తి సొంతంగా పని మొదలుపెట్టాక వీధివాళ్ళు ఆవిడ వెనకాల అనుకునే పేరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అది కూడా ఆరా తీసే తెలుసుకుంది.

"కూర్చోండమ్మా. ముందు మంచినీళ్ళు తాగండి. తరవాత చెప్పండి," అంది ఆరాలమ్మ.

వచ్చినావిడ నీళ్ళు తాగలేదు. "పుస్తకాలు బైండు చేస్తానండీ నేను. తొమ్మిదేళ్ళ నుంచి ఆ మేడ మీదే అద్దెకున్నాను. ఒక్క నెల అద్దె ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడు ఇదిగో, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసు. తొమ్మిది రోజులు అయిపోయాయి."

"కారణం?"

"నా గది నుంచి నీళ్ళు కారుతున్నాయట. కింద వాళ్ళ ముందుగది కప్పు తడిసి మరక పడిందట. మొదట కప్పు మరమ్మతు అని అద్దె మీద అదనంగా వేశారు. సరే, పెద్దాయనతో గొడవెందుకని కట్టాను. మళ్ళీ నెల నీళ్ళ ఖర్చు అని ఇంకొంత వేశారు. అదీ కట్టాను. అయినా మరక పెరుగుతూనే ఉందట. ఇక ఖాళీ చెయ్యమన్నారు."

"నీళ్ళు కారుతున్నాయా మరి?"

ఆవిడ ముఖంలోకి అప్పటిదాకా లేని కోపం వచ్చింది. "ఆ మరక పైనున్నది నా కాగితాల గదండీ! అందులో కుళాయి లేదు, గొట్టం లేదు. తాగే నీళ్ళు కూడా ఆ గడప దాటనివ్వను. గ్రంథాలయం వాళ్ళ పాత రిజిస్టర్లు రెండొందల పైచిలుకు అక్కడ నేల మీద దొంతర్లుగా ఉన్నాయి. ఒక్క చుక్క పడ్డా ముందు మునిగేది నేను. నా గది పొడిగా ఉంటే దాని కింద కప్పు ఎలా తడుస్తుంది?"

ఆరాలమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. అలా అయ్యాయంటే కేసు తీసుకున్నట్టేనని బాబాయికి అనుభవం.

"నోటీసు పంపింది ఎలాంటి మనిషి?"

"సర్వేయరు చేసి రిటైరయ్యారు. చాలా నిక్కచ్చి మనిషి. అసలు వింత ఏంటంటే, నోటీసు ఇచ్చాక కూడా మొన్న బుధవారం సాయంత్రం మామూలుగా పైకి వచ్చి కూర్చున్నారు. ఆయన ఉద్యోగంలో ఉండగా గీసిన పటాలన్నీ పుస్తకంగా కుట్టిస్తున్నారు. ఏ పటం తరవాత ఏది రావాలో చెప్పడానికి రెండు నెలలుగా బుధవారం బుధవారం వస్తారు. బుధవారం నవ్వుతూ కబుర్లు చెప్పి వెళ్తారు, గురువారం పొద్దున్న మరక పెరిగిందని చీటీ పంపుతారు. అదేంటండీ అంటే, 'పని పనే, నోటీసు నోటీసే' అంటారు."

ఆవిడ అప్పుడు నీళ్ళ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. "పుస్తకాలు అదిమిపెట్టే నా ప్రెస్సు పోత ఇనుముది. ఎనిమిది మంది మోస్తే గానీ పైకి ఎక్కలేదు. దాన్ని తీసుకుని ఎక్కడికి పోతాను? అంత బరువున్న సామానుతో వస్తే ఎవరిస్తారు ఇల్లు?"

మర్నాడు ఆదివారం. పొద్దున్న పదింటికి ఆరాలమ్మ, బాబాయి ఆ ఇంటి ముందు నిలబడ్డారు.

పాతకాలపు మేడ. వీధి వైపు చిన్న గదిలో గడియారాలు బాగుచేసే కొట్టు. దాని వెనక సర్వేయరు గారి వాటా. ఆ వాటాలోకి వెళ్ళాలంటే పక్క సందులోంచి వెళ్ళాలి. పైకి బయటి నుంచే మెట్లు.

ముందు పైకి వెళ్ళారు. కాగితాల గదిలో అడుగుపెట్టగానే పొడి కాగితం వాసన. ఆరాలమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. రిజిస్టర్ల దొంతర్లు జరిపించింది, నేలంతా అరచేత్తో తడిమింది, మూలల్లో వేలుపెట్టి చూసింది. పగుళ్ళు లేవు. అట్టడుగు రిజిస్టరు అట్ట మీద దుమ్ము తప్ప తడి జాడ లేదు.

"పటాలు ఎక్కడ పరుస్తారు?"

"ఈ గదిలోనేనండీ, ఆ పొడుగు బల్ల మీద. పటాలు బయటికి తీసిన రోజున జిగురు గిన్నెకి మూతపెట్టి అవతలి గదిలో పెట్టేస్తాను. బ్రష్షు ముట్టుకోను. చిన్న మరక పడినా ఆయన ప్రాణం విలవిల్లాడిపోతుంది."

"ఆయన వచ్చిన రోజులు ఎక్కడైనా రాసుకున్నారా?"

"పనిపుస్తకంలో రాస్తాను." పుస్తకం తెచ్చి ఇచ్చింది. బాబాయి తేదీలన్నీ తన చీటీల్లోకి ఎక్కించుకున్నాడు. తేదీకి ఒక చీటీ. అది ఆయన పాత అలవాటు.

కింద తలుపు తీసినావిడకి అరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. సర్వేయరు గారి అక్కయ్య. మోకాళ్ళ నొప్పుల వల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకో కూడా అడక్కుండా, "టీ తీపిదా, చప్పదా?" అంది.

"మీ ఇంట్లో రెండు రకాలా?" అంది ఆరాలమ్మ నవ్వుతూ.

"మా తమ్ముడికి చక్కెర జబ్బు. వాడికి చప్ప గిన్నె, నాకు తీపి గిన్నె. కలిస్తే పెద్ద రభస."

"తీపిదే ఇవ్వండి."

సర్వేయరు గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. విషయం వినగానే కళ్ళద్దాలు సర్దుకుని లేచి, ముందుగది కప్పు వైపు వేలు చూపించాడు. "వాదన అక్కర్లేదు. చూడండి. కళ్ళెదుట ఉన్నది ఉన్నట్టు రాయడం నా వృత్తి."

సున్నం వేసిన తెల్లటి కప్పు మీద, గది మధ్యలో, గోధుమరంగు మరక. పెద్ద పళ్ళెమంత ఉంది. ఆరాలమ్మ తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. ఆ మరక ఒక్కటే గుండ్రం కాదు. అరచేతులంత మచ్చలు పక్కపక్కన అతుక్కుని ఉన్నాయి.

"కింద నేల మీద చుక్కలు ఎప్పుడైనా పడ్డాయా?"

"అక్కయ్య ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది. నేను చూడలేదు."

గోడ వారగా నల్లటి సన్నని దారం లాంటిది పైకి పాకుతోంది. బాబాయి దగ్గరికి వెళ్ళి చూస్తే చీమలు. బారు తీరి గోడెక్కి, కప్పు మీదుగా మరక దాకా వెళ్తున్నాయి. పాత ఇళ్ళల్లో చీమలు మామూలేనని ఆయన వాటిని వదిలేశాడు. ఆరాలమ్మ మాత్రం వాటిని చివరి దాకా కళ్ళతో సాగనంపింది.

"మరక పెరిగిన రోజులు రాసుకున్నారా?"

అది అడిగినందుకు సర్వేయరు గారికి అవమానమైనట్టుంది. "రాసుకోకపోవడమేమిటి?" అంటూ చిన్న నోటుబుక్కు తీశాడు. తేదీ, పొడవు, వెడల్పు, అన్నీ అంగుళాల్లో. బాబాయి వాటినీ చీటీల మీదికి ఎక్కించాడు.

అంతలో సందులోంచి చెప్పుల చప్పుడు చేసుకుంటూ నలభయ్యేళ్ళ మనిషి వచ్చాడు. సర్వేయరు గారి అల్లుడు. ఊరి అవతల ఉంటాడు. ఆదివారాలు మాత్రం వచ్చి మావగారి మందులు, సామాను చూసి సాయంత్రానికి వెళ్ళిపోతాడు. ఆరాలమ్మ ఎవరో తెలిశాక కూడా అతను మాట దాచుకోలేదు.

"నేను ఎప్పట్నుంచో చెప్తున్నానండీ. పైన ఆఫీసుకిస్తే ఇప్పుడొచ్చే దానికి మూడింతలొస్తుంది. కింద వెనకగది కూడా కలుపుకుంటే వాళ్ళకి స్టోరుగా పనికొస్తుంది. మావయ్యగారు వినరు. ఇప్పుడా మరకే వినేలా చేసింది."

అక్కయ్య గారు టీ కప్పులు బల్ల మీద పెడుతోంది. ఒక కప్పు పళ్ళెంలో గణగణమంది.

"వెనకగదిలో ఎవరుంటున్నారు?" అంది ఆరాలమ్మ.

"ఈ అత్తయ్యగారే. అయినా ఆవిడకి ఒక మంచం పట్టే చోటు ఎక్కడైనా సరిపోతుంది కదండీ," అన్నాడు అల్లుడు తేలిగ్గా.

చేతులు కడుక్కోవాలన్న వంకతో ఆరాలమ్మ ఇల్లంతా తిరిగింది. బాబాయి వెనకాలే నడిచాడు. నడవాలో ఆయన బట్టతలకి సాలెగూడు చుట్టుకుంది. వంటగదిలో మరోటి. తుడుచుకుంటూ పెరటి తలుపు దాటగానే నుదుటికి ఏదో టప్పున తగిలింది. గోడకి చేరేసిన పొడుగాటి బూజుకర్ర. దాని చివర కట్టిన గుడ్డ శుభ్రంగా ఉతికి ఉంది. అయినా మడతల్లో గోధుమరంగు పోలేదు.

"దెబ్బ తగిలిందా బాబాయ్?" అంది ఆరాలమ్మ. అడిగింది ఆయన్నే అయినా చూపు బూజుకర్ర మీద ఉంది.

చివరికి గడియారాల కొట్టు. కంటికి చిన్న భూతద్దం బిగించుకున్న ఆ మనిషి తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఖాళీ చేయిస్తే నాకు సంతోషమేనండీ, అబద్ధం ఎందుకు? ఆవిడ సుత్తి దెబ్బకి నా చక్రాలన్నీ బల్ల మీద గంతులేస్తాయి. పట్టకారుతో పట్టుకున్నది ఎగిరిపోతుంది."

"మీ కొట్లోంచి వాళ్ళ ముందుగదిలోకి తలుపుందా?"

"లేదండీ. గోడే. కానీ పల్చటి గోడ. అన్నీ వినిపిస్తాయి. బుధవారాలు సుత్తి చప్పుడు ఉండదు, అప్పుడు జిగురు పూస్తుంది. తడిగా చప్ చప్ మని వినిపిస్తుంది. ఏడింటికి కొట్టు కట్టేసేలోపు అయిపోతుంది."

"ఆ చప్పుడు పైనుంచే వస్తుందా?"

ఆయన మొదటిసారి తలెత్తాడు. "ఎత్తు నుంచే వస్తుంది. జిగురు పూసేది ఆవిడే కదా, ఇంకెవరు పూస్తారు?"

తిరిగి వస్తూ దారి పొడుగునా బాబాయి ఉత్సాహంగా మాట్లాడాడు. "అల్లుడే, అమ్మాయ్. సందేహం లేదు. మూడింతల అద్దె అని మన ముందే లొట్టలేశాడు. ఆదివారం వచ్చి ఏదో చేసిపోతాడు."

"కావచ్చు. ముందు మీ చీటీలు ఒకసారి సర్దండి బాబాయ్."

ఆఫీసు బల్ల మీద బాబాయి చీటీలు పరిచాడు. కుడివైపు బైండింగు ఆవిడ పనిపుస్తకం తేదీలు, ఎడమవైపు సర్వేయరు గారి నోటుబుక్కు తేదీలు. వేళ్ళు వాటంతట అవే పాత వేగం అందుకున్నాయి. సర్దడం అయ్యేసరికి ఆయన నోరు తెరుచుకుంది.

ఎనిమిది వారాలు. సర్వేయరు గారు పైకి వెళ్ళినవి ఏడు బుధవారాలు. మరక పెరిగినవి ఏడు గురువారాలు. ప్రతి బుధవారానికీ దాని మర్నాడు జతగా ఉంది. నడుమ ఒక్క వారం రెండు వైపులా ఖాళీ. ఆ వారం పనిపుస్తకంలో 'జ్వరం, రాలేదు' అని ఉంది.

"అంటే ఆయన పైకి వెళ్తేనే నీళ్ళు కారుతున్నాయా?" అన్నాడు బాబాయి అయోమయంగా. "సోమవారం ఒక్కసారి కూడా పెరగలేదే! మరి అల్లుడు..."

"అల్లుడు మాటలు జారవిడిచాడు గానీ నీళ్ళు చల్లలేదు," అంది ఆరాలమ్మ. ఆవిడ గొంతులో గెలిచిన సంబరం లేదు. "పదహారేళ్ళ ఉద్యోగంలో డబ్బు కోసం చేసినవాళ్ళనే ఎక్కువ చూశాను. ఇది వేరేలా ఉంది. బుధవారం అందరూ ఆ ముందుగదిలో ఉండేలా చూడండి. అల్లుడిని కూడా రమ్మనండి."

బుధవారం సాయంత్రం ఆరింటికి అందరూ మరక కింద చేరారు. సర్వేయరు గారు తన కుర్చీలో, అల్లుడు కిటికీ దగ్గర, గడియారాలాయన తలుపు పక్కన స్టూలు మీద. బైండింగు ఆవిడ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని గోడకి ఆనుకుంది. ఇంకా రెండే రోజులు గడువుంది. అక్కయ్య గారు వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

"సర్వేయరు గారూ, మీ కొలతల్లో తప్పు లేదు," అని మొదలుపెట్టింది ఆరాలమ్మ. "మరక ఉంది, పెరుగుతోంది, మీరు రాసిన తేదీల్లోనే పెరుగుతోంది. కానీ ఒక కొలత మీరు తీసుకోలేదు. మరక పెరిగిన ప్రతిసారీ మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? ఇక్కడే."

"గురువారం చూసినప్పుడు ఇక్కడున్నారు. అది తడిసినప్పుడు మాత్రం పైన, సరిగ్గా దాని నెత్తిన కూర్చుని పటాలు సర్దుతున్నారు. ఏడు బుధవారాలు. మీ పాదాల కింద నేల ఒక్కసారైనా తడిగా ఉందా?"

సర్వేయరు గారు తల అడ్డంగా ఊపాడు.

"జ్వరంతో మీరు ఎక్కని వారం మరక పెరగలేదు. ఇంకోటి. పైనుంచి దిగే నీరు ఒక చోట దిగి, అక్కణ్నుంచి చుట్టూ పాకుతుంది. ఈ మరక అరచేతులంత ముక్కలుగా అతికి ఉంది. నీళ్ళు పైనుంచి రాలేదు. కింద నుంచి వెళ్ళాయి."

"కప్పుకి కింద నుంచా?" అన్నాడు అల్లుడు.

"మీరు చెప్పండి," అని ఆరాలమ్మ గడియారాలాయన వైపు తిరిగింది. "బుధవారాలు జిగురు పూసే చప్పుడు వినిపిస్తుందన్నారు. పటాలు పరిచిన రోజున ఈవిడ జిగురు గిన్నె మూత తియ్యరు. మరి మీరు విన్నదేంటి?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఎత్తు నుంచే వచ్చిందండీ..."

"కప్పు ఎత్తు నుంచి. బాబాయ్, పెరట్లోంచి అది తెస్తారా?"

బాబాయి బూజుకర్ర తెచ్చాడు. ఆరాలమ్మ తన ముందున్న కప్పులోని తీపి టీలో దాని గుడ్డని ముంచింది. బాబాయి నేల మీద నిలబడే కర్ర ఎత్తి కప్పుకి ఆనించాడు. చప్ మంది. గడియారాలాయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పాత మరక పక్కన, అరచేయంత కొత్త మచ్చ. అదే ఆకారం, అదే రంగు.

"ఉత్త నీళ్ళయితే తెల్లారేసరికి ఆరిపోతాయి, జాడ ఉండదు. టీ అయితే నిలుస్తుంది. చప్ప టీ అయ్యుంటే నాకు ఆలస్యమయ్యేది. ఇందులో చక్కెర ఉందని ఆ చీమలు గోడెక్కి మరీ చెప్పాయి. ఈ ఇంట్లో సాలెగూళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, బూజుకర్ర మాత్రం ఉతికి ఆరేసి ఉంది. బూజు దులపని బూజుకర్రకి వారం వారం ఏం పని? ఇక మనిషి సంగతి. అల్లుడు గారు ఆదివారం తప్ప రారు. గడియారాలాయనకి ఇటు తలుపు లేదు. బుధవారం సాయంత్రం తమ్ముడు పైకి వెళ్ళాక, ఈ గదిలో మిగిలేది..."

ఆవిడ మాట పూర్తిచెయ్యలేదు. అందరి తలలూ వంటగది గుమ్మం వైపు తిరిగాయి.

అక్కయ్య గారు గోడ పట్టుకుని నెమ్మదిగా గదిలోకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాడు బాబాయి. ఏడవలేదు.

"మొదట నీళ్ళే పెట్టాను. కాసేపటికే ఆరిపోయింది, అప్పుడు టీలో ముంచాను," అంది.

"అక్కయ్యా!" సర్వేయరు గారి గొంతు పీలగా పలికింది. "నువ్వా? ఎందుకు?"

"పైన నువ్వు నవ్వావు."

ఎవరికీ అర్థం కాలేదు.

"నా తమ్ముడు నవ్వితే నేను సంతోషించాలి. నాకు తెలుసు. మరదలు పోయాక పద్నాలుగేళ్ళు, నీకు వండి పెట్టాను, మందులిచ్చాను, ఈ ఇంట్లో నీ నవ్వు వినలేదు. ఆ బుధవారం ఇక్కడ కూర్చుని ఉంటే పైనుంచి వినిపించింది. గట్టిగా, చిన్నప్పుడు నవ్వినట్టు. ఆవిడ కూడా నవ్వింది. రేపో మాపో ఆవిడని కిందికి తీసుకొస్తావు, మరి నేనెక్కడికి పోను అనుకున్నాను. అంతకుముందు ఆదివారమే అల్లుడు వచ్చి వెనకగది అడుగులు లెక్కపెట్టి వెళ్ళాడు."

అల్లుడు తల దించుకున్నాడు.

"ఒక ట్రంకు పెట్టెతో వచ్చాను ఈ ఇంటికి. నాకు అద్దె రసీదు లేదు, అగ్రిమెంటు లేదు. ఆవిడని పొమ్మంటే పదిహేను రోజుల గడువైనా ఇస్తావు. నన్ను పొమ్మంటే ఏం గడువుంది? తెల్లారేసరికి పెట్టె వసారాలో ఉన్నా నన్నడిగేవాళ్ళెవరు?"

ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడిన అద్దెదారు, అద్దె కట్టని మనిషి అనుకున్నాడు బాబాయి. తను కూడా కొడుకు ఇంట్లో ఉంటున్నవాడే.

ముందు మాట్లాడింది బైండింగు ఆవిడ. ఆ గొంతులో కోపం ఉంది, ఉండాలి కూడా.

"పదమూడు రోజులు కాదమ్మా, రెండు నెలలు నాకు సరిగా నిద్ర లేదు. ఎవరి ఇంటికెళ్ళి అడిగినా ప్రెస్సు సంగతి చెప్పగానే తలుపేసుకున్నారు. మీ భయం మీకు పెద్దదే. కానీ దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు."

"నిజమే," అంది అక్కయ్య గారు. "క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

"అసలు ఆయనెందుకు నవ్వారో తెలుసా?" బైండింగు ఆవిడ పెదవి చివర కొంచెం నవ్వు కదిలింది. "ఒకసారి పొలం కొలుస్తుంటే ఎద్దు తరిమిందట. కొలత గొలుసు మెడలో వేసుకుని చెట్టెక్కారట. అక్కణ్నుంచే హద్దురాళ్ళు లెక్కపెట్టి రాశారట. ఆ పటమే చేతిలో ఉంది అప్పుడు. మీ తమ్ముడు గారు నాతో మాట్లాడేదంతా గొలుసులు, రాళ్ళు, హద్దులు. పటాలు అయిపోయాక ఆయన పైకి ఎక్కరు, నేను కిందికి దిగను."

సర్వేయరు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కుర్చీలోంచి లేచి, గది మధ్యలోకి వచ్చి, కప్పు మీది మరకని మళ్ళీ ఒకసారి చూశాడు. నోటుబుక్కు తీసి ఏడు తేదీలనూ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. తరవాత బైండింగు ఆవిడ ముందు నిలబడ్డాడు.

"కళ్ళెదుట ఉన్నది ఉన్నట్టు రాశాననుకున్నాను. పైన పొడి నేల కూడా నా కళ్ళెదుటే ఉంది. దాన్ని రాసుకోలేదు. నోటీసు వెనక్కి తీసుకుంటున్నాను. అదనంగా వసూలు చేసిన రెండు మొత్తాలూ రేపు మీ చేతికిస్తాను. నన్ను క్షమించండి."

ఆవిడ తల ఊపింది. అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి ఆ క్షణంలో ఆవిడ సిద్ధంగా లేదు.

సర్వేయరు గారు బల్ల దగ్గర కూర్చుని ఒక కాగితం లాగి రాయడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు రాశాక బైండింగు ఆవిడ మెడ సాచి చూసింది.

"ఇది ఎవరికి?"

"అక్కయ్యకి. వెనకగది, వంటగది, జీవితాంతం ఆవిడవే. నేను గానీ, నా కూతురు గానీ, అల్లుడు గానీ ఖాళీ చెయ్యమనే హక్కు లేదు. రేపు పదింటికి రిజిస్టరు చేయిస్తాను."

"అంతకాలం ఉండాల్సిన కాగితం అలా పల్చగా ఉంటే ఎలాగండీ? ఆగండి." ఆవిడ చరచరా మెట్లెక్కి వెళ్ళి, దళసరి కాగితం ఒకటి పట్టుకొచ్చి ఆయన ముందు పరిచింది. అక్కయ్య గారి వైపు చూడకుండానే, "ఇది వందేళ్ళయినా చిరగదు," అంది.

సర్వేయరు గారు మళ్ళీ మొదటి నుంచి రాశాడు. తూర్పు హద్దు నడవా, దక్షిణం హద్దు ముందుగది గోడ, పడమర హద్దు పెరటి గడప, ఉత్తరం హద్దు నూతి గట్టు. అల్లుడు అడక్కుండానే ముందుకొచ్చి సంతకం పెట్టాడు. సాక్షులుగా ఆరాలమ్మ, గడియారాలాయన పెట్టారు. బాబాయి కూడా పెడతానన్నాడు. ఇద్దరు సాక్షులు చాలన్నా వినలేదు.

అక్కయ్య గారు కాగితాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, వేలిని ఒక్కొక్క అక్షరం వెంట నడిపిస్తూ చదివింది. చివరి దాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చింది. వేలు ఒకచోట ఆగిపోయింది.

"పడమర తప్పు రాశావురా తమ్ముడూ."

"తప్పా? నేనా?"

"గడప దగ్గర ఆపేశావు. గడప అవతల నా పూలకుండీలున్నాయి. పద్నాలుగేళ్ళ నుంచి నీళ్ళు పోస్తున్నాను."

సర్వేయరు గారు అక్క ముఖంలోకి చూశాడు. తరవాత అలమరలోంచి కొలత టేపు తీశాడు. ఒక కొస ఆవిడ చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని, "గట్టిగా పట్టుకో అక్కయ్యా, వదలకు," అంటూ పెరట్లోకి నడిచాడు.